బండి లాగకపోతే ముందు చక్రాలు చూడండి

పిల్లలకు ఆశీస్సులు.

మీలో కొందరికి ఈ మధ్యే ఇంట్లోని పాత కారు చేతికొచ్చింది. అలాంటి బండి ఏదో ఒక రోజు బరువుగా కదలడం మొదలుపెడుతుంది. ఎంత తొక్కినా పుల్లింగ్ ఉండదు, మైలేజీ పడిపోతుంది. పక్కనున్నవాళ్లు వెంటనే "గేర్ బాక్స్ పోయింది" అనేస్తారు. ఆ మాటకు టెన్షన్ పడకండి. గేర్ బాక్స్ దించేముందు చక్రాలు చూడమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను అలా చూడలేదు. నా పాత కారు ఇలాగే మొరాయిస్తే గేర్ బాక్స్ దింపించి, క్లచ్ ప్లేటు మార్పించాను. తీసిన ప్లేటు ఇంకా బాగానే ఉంది. కొత్తది వేసినా బండిలో అదే బరువు. అసలు జబ్బు ఎడమవైపు ముందు చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ వెళ్లే చిన్న రబ్బరు గొట్టంలో, అంటే హోస్‌లో ఉంది. బ్రేకు వదిలినా ఆ చక్రం పూర్తిగా వదలడం లేదు. ఇది మీకు జరగకూడదని నా కోరిక.

తేడా ఎలా తెలుస్తుందంటే, ఇంజిన్ చప్పుడునీ స్పీడునీ కలిపి గమనించండి. క్లచ్ జారుతుంటే ఇంజిన్ ఒక్కటే గట్టిగా అరుస్తుంది, స్పీడు మాత్రం పెరగదు. టాప్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి గట్టిగా తొక్కితే ఇది బాగా బయటపడుతుంది. బ్రేకు పట్టేసి ఉంటే అలా కాదు. ఇంజిన్, చక్రాలు రెండూ కలిసే మందగిస్తాయి, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. ఆటోమేటిక్ బండిలో ఇంకో చిక్కు ఉంది. బ్రేకు పట్టేస్తే ఇంజిన్‌పై బరువు పెరుగుతుంది కాబట్టి పై గేరు ఆలస్యంగా పడుతుంది. చూసేవాళ్లకు అది అచ్చం గేర్ బాక్స్ జబ్బులాగే కనిపిస్తుంది.

అనుమానం వస్తే ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి, బ్రేకు తొక్కకుండా వదలండి. బాగున్న బండి నెమ్మదిగా సాగుతూ పోతుంది. పట్టేసిన బండి కాసేపటికే ఆగిపోతుంది. తర్వాత బ్రేకు తక్కువగా వాడుతూ కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపండి. ఒక్కో చక్రం దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లండి, కానీ తాకొద్దు. చర్మం కాలుతుంది. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే, కాబట్టి ఎడమ చక్రాన్ని కుడి చక్రంతోనే పోల్చండి. ఒకవైపు మాత్రమే సెగ కొడుతున్నా, కాలిన వాసన వస్తున్నా దొంగ దొరికినట్టే. చల్లార్చాలని నీళ్లు మాత్రం పోయకండి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు ఆ వేడిమీద బీటలు వారొచ్చు.

చల్లారాక జాకీతో లేపి చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఇది పని తెలిసిన పెద్దవాళ్లు పక్కనుంటేనే చేయండి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మిగతా చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, బండిని స్టాండు మీద నిలపాలి. ఉత్త జాకీని నమ్మి బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు. చక్రం తిరిగేటప్పుడు డిస్కును పట్టే ప్యాడ్ కొద్దిగా రాసుకునే చప్పుడు వస్తే భయం లేదు. ఒకరిని బ్రేకు తొక్కి వదలమని చెప్పి, మళ్లీ తిప్పి చూడండి. చాలామంది ఈ రెండోసారి తిప్పడం మరిచిపోతారు. జబ్బు కనబడేది అప్పుడే.

చక్రం బిగుసుకుని ఉంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, అంటే బ్లీడర్ నిపుల్‌ను మెకానిక్ కొద్దిగా వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే ప్రెషర్ లోపల చిక్కుకుందన్నమాట. వదలకపోతే తప్పు ఇనుములో ఉంది. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకుని ఉంటాయి, లేదా ప్యాడ్‌ను తోసే పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది. వెనక డిస్కుల బదులు డ్రమ్ములుంటే హ్యాండ్ బ్రేక్ కేబుల్, డ్రమ్మును లోపలినుంచి పట్టే షూలను వెనక్కి లాగే స్ప్రింగులు చూడాలి.

ప్రెషర్ చిక్కుకునే తీరు తెలుసుకోవాల్సిందే. మనం పెడల్ తొక్కితే కాలి బలం మొత్తం ఆయిల్‌ను చక్రం వైపు తోస్తుంది. వదిలాక పిస్టన్ వెనక్కి జరిగేది దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు సాగి మళ్లీ ముడుచుకోవడం వల్ల. అది చాలా చిన్న బలం. పాత హోస్ లోపల రబ్బరు ఊడి తలుపు రెక్కలా అడ్డుపడితే, పెద్ద బలంతో వెళ్లిన ఆయిల్ చిన్న బలంతో తిరిగి రాలేదు. హోస్ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నా కారులో జరిగింది ఇదే.

నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆయిల్ తన ట్యాంకులోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక ప్యాడ్లను ఇంకా నొక్కుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే పొద్దున బాగున్న బండి దూరం వెళ్లాక బిగుసుకుంటుంది.

అలాంటి బండిని "ఇంటిదాకా పోనిద్దాం" అని నడపకండి, దయచేసి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేలకంటినా బ్రేకు పడదు. బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఇంజిన్ ఆయిల్ కూడా ఎప్పుడూ పోయొద్దు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

చక్రాలన్నీ తేలిగ్గా తిరిగితే, అప్పుడు గేర్ బాక్స్ సంగతి. క్లచ్ తొక్కినప్పుడే చప్పుడు వస్తే క్లచ్‌ను వదిలించే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. న్యూట్రల్‌లో వచ్చే చప్పుడు క్లచ్ తొక్కగానే ఆగితే గేర్ బాక్స్ లోపలి బేరింగ్ మీద. క్లచ్ తొక్కి కొన్ని సెకన్లు ఆగాక కూడా రివర్స్ గరగరమంటూ పడితే క్లచ్ పూర్తిగా వదలడం లేదేమో. ఆటోమేటిక్‌లో ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తోందేమో చూపించండి.

మీ బండి గురించి నాకు రాసేటప్పుడు "లాగట్లేదు తాతయ్యా" అని మాత్రమే రాయకండి. ఏ చక్రం వేడెక్కింది, ఎంత దూరం నడిచాక, ఇంజిన్ అరిచిందా లేదా అన్నీ రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య