టెన్త్ సైన్సులో ఇరవై మార్కుల తగువు

తెలంగాణ పదో తరగతిలో ఇంటర్నల్ మార్కుల గొడవ ఇంకా చల్లారలేదు. రాత పరీక్షకు 80, బడిలో టీచర్లు ఏడాది పొడుగునా చూసి వేసే ఇంటర్నల్స్‌కు 20 అనే 80+20 విధానం ఎత్తేసి నూరు మార్కులకూ రాత పరీక్షే పెడతామని 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం ప్రకటించింది. ఏడాది సగం గడిచాక ఇదేంటని అందరూ అడగడంతో, మర్నాడే ఆ నిర్ణయాన్ని 2025-26కు వాయిదా వేసింది. తీరా ఆ ఏడాది వచ్చాక, 2025 ఆగస్టులో, ఇరవై మార్కులూ కొనసాగుతాయని తేల్చింది.

ఎత్తేయాలనేవాళ్ల వాదన తెలిసిందే: ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేసేసుకుంటున్నాయి. అందులో నిజముంది. కానీ దీన్నంతా మార్కుల పంచాయితీగానే చూస్తే సైన్సు టీచర్ల గోడు అర్థం కాదు.

ఇంటర్ రెండో ఏడాదిలో సైన్సు సబ్జెక్టుకు 30 మార్కుల ప్రాక్టికల్ ఉంది. టెన్త్‌కు లేదు. బోర్డు పేపర్లో ప్రయోగం ఎలా చేస్తారో రాయమంటారే గానీ, చేసి చూపమనరు. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కోవడమే తీసుకోండి. వి-స్టాండు మీద కటకం నిలబెట్టి, కొవ్వొత్తి వెలిగించి, తలకిందులైన మంట తెర మీద స్పష్టంగా పడేదాకా తెరను ముందుకీ వెనక్కీ జరపాలి. దూరాలు కొలిచి పట్టికలో వేయాలి. కిటికీలు మూయాలి, గాలికి మంట ఆరితే మళ్లీ మొదలెట్టాలి. పీరియడ్ మొత్తం దానికే పోతుంది. గైడు చూసి రాస్తే అదే పట్టిక ఐదు నిమిషాల్లో నిండుతుంది. 2014-15లో నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడుగునా పిల్లల పనిని చూసి మార్కులేసే పద్ధతి, టెన్త్‌కు వచ్చాక, ఆ పీరియడ్‌కు కాస్తో కూస్తో విలువ కట్టింది ఈ ఇంటర్నల్ మార్కులే.

వీటి పరువు నిజంగా పోయింది కరోనా కాలంలో. 2020 మార్చిలో పరీక్షలు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ఇరవైకి వేసిన ఇంటర్నల్ మార్కులనే నూరుకు లెక్కగట్టి గ్రేడ్లు ఇచ్చారు. 2021లో అసలు పరీక్షలే లేవు, బడులూ సరిగ్గా నడవలేదు. మళ్లీ అదే లెక్క. ఆ ఏడాది రెండు లక్షల మందికి పైగా 10 జీపీఏ, అంటే అన్నిటికన్నా పై గ్రేడు, వచ్చింది. ఇరవై మార్కుల పనిని నూరు మార్కుల తీర్పుగా మార్చింది ప్రభుత్వం. నింద మాత్రం మార్కులు వేసిన టీచర్ల నెత్తిన పడింది. ఇంటర్నల్స్ అంటే దొంగ మార్కులన్న మాట గట్టిగా పాతుకుపోయింది అప్పుడే.

ఆంధ్రప్రదేశ్ అయితే అంతకుముందే, 2019లోనే, వీటిని వద్దనుకుంది. విచిత్రమేమిటంటే కరోనాతో పరీక్షలు రద్దయినప్పుడు అక్కడా గ్రేడ్లకు బడిలో వేసిన మార్కులే దిక్కయ్యాయి. సీబీఎస్‌ఈ మాత్రం టెన్త్‌లో ఇరవై ఇంటర్నల్ మార్కులు ఉంచుకునే నడుస్తోంది. దాని మీద ఇంత రగడ లేదు.

దొంగ మార్కులకు విరుగుడుగా తెలంగాణలో తనిఖీ బృందాలున్నాయి. వేరే బడుల టీచర్లు వచ్చి రికార్డులు, స్లిప్ టెస్టు (బడిలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లు, ప్రాజెక్టులు తిరగేస్తారు. మార్కులకూ కాగితాలకూ పొంతన కుదిరిందా లేదా అన్నదే వాళ్లు చూసేది. ఇద్దరు పిల్లల్ని పిలిచి, ఆ కటకం స్టాండు మీద పెట్టి చూపమనడం వాళ్ల పనిలో లేదు. దాన్ని చేర్చడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.