పాత లెన్స్‌లో మ్యాజిక్ ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

పెళ్లి ఫొటోలు తీయడం నా వృత్తి. ఈ మధ్య నెలకి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు అడుగుతున్నారు, "అన్నా, హెలియోస్ కొనమంటావా, దాని లుక్కే వేరట కదా" అని. నా దగ్గర పాత లెన్సులు నాలుగున్నాయి, అన్నీ ఇష్టమే, కానీ కూడు పెట్టేవి మాత్రం కొత్తవే.

అపోహ: ఆ కాలం గాజులోనే ఏదో మహత్యం ఉంది.

అలాంటిదేం లేదు. హెలియోస్ 44-2 అనేది జర్మనీ జైస్ వాళ్ల బయోటార్ డిజైన్ పట్టుకుని సోవియట్ ఫ్యాక్టరీల్లో చేసిన 58 ఎంఎం, ఎఫ్2 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం, అదే అపర్చర్, అంత పెద్దది). దాంతో ఆ రంధ్రం పూర్తిగా తెరిచి, అంటే ఫుల్ ఓపెన్‌లో తీస్తే వెనక ఆకులు గిర్రున సుడి తిరిగినట్టు కనపడతాయే, అది నిజానికి లోపం. ఫ్రేమ్ అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురుని లెన్స్ గొట్టమే కొంత కోసేస్తుంది, దాంతో గుండ్రంగా రావాల్సిన వెలుగు చుక్కలు బాదంపప్పు ఆకారంలోకి మారి మధ్య బిందువు చుట్టూ వరస కడతాయి, మూలల్లో మిగిలిన ఇతర లోపాలు దాన్ని ఇంకాస్త పెంచుతాయి. ఎఫ్4కి వచ్చేసరికి సుడి దాదాపు మాయం. చిన్న సెన్సర్ ఉండే క్రాప్ సెన్సర్ కెమెరాకి తగిలిస్తే ఆ అంచులే ఫ్రేమ్‌లోకి రావు కాబట్టి సుడి చాలావరకు పోతుంది. ఇది తెలియక కొని, నకిలీది అంటగట్టారని తిట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: పాత లెన్స్ రంగులు, ఆ మెత్తదనం కొత్తవాటిలో రావు.

పోయిన చలికాలం మా డాబా మీద అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక వేపచెట్టు వచ్చేలా ట్రైపాడ్ పెట్టి, రంగులు మారకుండా వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, హెలియోస్‌తోనూ కొత్త 50 ఎంఎంతోనూ ఎఫ్2 దగ్గరే తీశాను. ఎండ అమ్మ ముఖం మీద పడుతున్నప్పుడు తీసినవి ఫోన్‌లో చూపిస్తే మా అసిస్టెంట్ ఏది ఏదో తారుమారుగా చెప్పాడు (ఆకుల సుడి కనపడకుండా కత్తిరించాను లెండి, లేకపోతే పట్టేసేవాడు). అదే కుర్చీ తిప్పి, ఎండ అమ్మ వెనక నుంచి వచ్చేలా తీస్తే అప్పుడు బయటపడింది తేడా. హెలియోస్‌లో నల్ల జాకెట్టు బూడిద రంగైపోయింది, జుట్టు చుట్టూ పాలపొర లాంటి వెలుగు. కొత్తదాంట్లో నలుపు నలుపులాగే ఉంది. అమ్మకి పాతదే నచ్చింది, ముడతలు కనపడలేదట!

దీనంతటికీ మూలం కోటింగ్, అంటే వెలుతురు వెనక్కి తుళ్లకుండా గాజు మీద వేసే పల్చటి పూత. కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. ఆ వెలుతురే లోపల అటూఇటూ తిరిగి నీడల మీద పొరలా పడుతుంది. హెలియోస్‌లో గాలికి తగిలే ఉపరితలాలు 8, వాటి మీద ఉండేది పాత తరహా కోటింగ్. ఇప్పటి పెద్ద జూముల్లో అలాంటివి 30 దాకా ఉంటాయి, ఒకదాని మీద ఒకటిగా వేసే మల్టీ కోటింగే లేకపోతే లోపలికొచ్చిన వెలుతురులో మూడో వంతు కూడా సెన్సర్‌కి చేరదు. కాంట్రాస్ట్ తగ్గించి, నీడలు కాస్త లేపి, కొంచెం వెచ్చదనం కలిపితే కొత్త లెన్స్ ఫొటోని చాలావరకు ఆ దారికి తేవచ్చు. సుడిని మాత్రం ఎడిటింగ్‌లో నమ్మేలా తేవడం కష్టం, దానికోసమైతే కొనండి.

అపోహ: కొత్త లెన్స్ అంటే అంతా కొత్త డిజైన్.

2015లో వచ్చిన కెనాన్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం లోపల ఉన్నవి 6 గాజులే, దాని వంశం 1896 నాటి జైస్ వాళ్ల ప్లానార్ అనే లెన్స్ డిజైన్ దాకా వెళ్తుంది.

అపోహ: పాత లెన్స్‌కి ఆటోఫోకస్ లేకపోయినా, ఫోకస్ ఎక్కడుందో రంగు గీతలతో చూపించే ఫోకస్ పీకింగ్ కెమెరాలో ఉంది కాబట్టి పెళ్లంతా దాంతో లాగించేయొచ్చు.

ఒకసారి లాగించబోయాను. జీలకర్ర బెల్లం టైముకి నా చేతిలో హెలియోసే ఉంది. తెర దించారు, పిల్ల కళ్లెత్తి చూసింది, వ్యూఫైండర్‌లో ఎర్ర గీతలు బానే మెరిశాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఫోకస్ బాసికం మీద ఉంది, కళ్ల మీద లేదు. మీటరున్నర దూరంలో ఎఫ్2 దగ్గర షార్ప్‌గా ఉండేది 8 సెంటీమీటర్లు, పిల్ల కాస్త వంగితే చాలు. సెకండ్ కెమెరా వాడి ఫొటోతో ఆల్బమ్ గట్టెక్కింది. అప్పట్నుంచి ముహూర్తం టైములో ఆటోఫోకస్సే, పాతది పెళ్లికూతురు ఒక్కతే తీరిగ్గా కూర్చున్నప్పుడు.

అపోహ: గాజు పసుపెక్కిందంటే లెన్స్ పాడైనట్టే.

పెంటాక్స్ సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4 తర్వాతి మోడల్‌లో థోరియం కలిపిన గాజు వాడారు. దాని రేడియేషన్ వల్లే ఏళ్లు గడిచేకొద్దీ గాజు తేనె రంగుకి మారుతుంది. అల్ట్రావయొలెట్ తగిలితే ఆ రంగు విరుగుతుంది కాబట్టి కిటికీ దగ్గర కొన్ని వారాలు ఎండలో ఉంచితే చాలావరకు తేటపడుతుంది. కాకపోతే మాఘమాసపు ఎండలో పెట్టండి. రోహిణి కార్తెలో పెడితే లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రేకుల మీదకి పాకుతుంది, తర్వాత అవి అంటుకుపోయి రింగు తిప్పినా కదలవు.