ఇంకు పెన్ను రాయకపోతే పాళీని నిందించకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత ఇంకు పెన్నులను శుభ్రం చేసి సరిచేసి ఇవ్వడం నా పని. నా దగ్గరికి వచ్చే పెన్నులలో ఎక్కువ భాగం ఒకే మాటతో వస్తాయి: "ఇది రాయడం లేదండీ, పాళీ పోయినట్టుంది." నిజంగా పాళీ పోయినవి వాటిలో తక్కువే. పోయిన వాటిలోనూ చాలా వరకు వాడకం వల్ల అరిగినవి కావు, ఇంట్లో బాగుచేయబోయి పాడుచేసుకున్నవి. అందుకే మిగతా అపోహల కంటే ముందు దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: పెన్ను రాయకపోతే పాళీ చీలికను బ్లేడుతో కాస్త వెడల్పు చేయాలి, గీరుకుంటే మొనను గరుకు కాగితం మీద రుద్దాలి.

వాస్తవం: ఈ రెండు పనులూ చేయకూడదు. ఇంకు మొనకు చేరేది చీలిక సన్నగా ఉన్నందువల్లనే. పాళీ మధ్యలోని రంధ్రం దగ్గర కొంచెం ఎడంగా మొదలై, మొన దగ్గరికి వచ్చేసరికి ఇరుకయ్యే ఆ చీలికలో కేశనాళికీయత వల్ల, అంటే సన్నని సందులోకి ద్రవం పాకే గుణం వల్ల, ఇంకు తనంతట తానే ముందుకు పాకుతుంది. బ్లేడు దూర్చి రెండు రెక్కలనూ విడదీస్తే మొన దగ్గర ఎడం పెరిగి ఇంకు అక్కడిదాకా రాకుండా ఆగిపోతుంది. అప్పటిదాకా కడిగితే రాసే పెన్ను ఇక కడిగినా రాయదు. రుద్దడం ఇంతకంటే పెద్ద నష్టం. మొన చివర ఇసుక రేణువంత బొడిపె ఒకటి ఉంటుంది. ఇరీడియం, ఆస్మియం, రుథీనియం, టంగ్‌స్టన్ వంటి గట్టి లోహాలతో చేసిన మిశ్రమాన్ని పాళీకి అతికించి, ఆ బొడిపెను తయారుచేస్తారు. ఏళ్ల తరబడి రాసినా పాళీ అరగకుండా కాపాడేది అదే. గరుకు కాగితం దాన్ని తినేసిన తరువాత మిగిలేది మెత్తటి లోహం. అది కాగితాన్ని గీరుతుంది, త్వరగా అరుగుతుంది. పోయిన బొడిపెను తిరిగి అతికించగలవారు చాలా అరుదు, పాత పెన్నుకు సరిపోయే పాళీ దొరకడం ఇంకా కష్టం.

ఇంతకీ ఆ పెన్ను ఎందుకు రాయలేదు? నూటికి తొంభై సందర్భాలలో అని చెప్పడానికి నా దగ్గర లెక్కలు లేవు గానీ, నేను పదేపదే చూసే కారణం ఎండిన ఇంకే. పాళీ కింద ఆనుకొని, దానికి ఇంకు అందించే ముక్కను ఫీడ్ అంటారు; దానిలో సన్నని గాడులు ఉంటాయి. పెన్నును ఇంకుతో అలాగే వదిలేస్తే నీరు ఆవిరై, రంగు పదార్థం ఆ గాడుల్లో గట్టిపడుతుంది. దీనికి మందు మామూలు నీళ్లు. పెన్ను విప్పి, ముందు భాగంలోనుంచి చల్లటి నీటిని పదేపదే పోనివ్వాలి. ఇంకా రంగు వస్తుంటే చిన్న కప్పులో పాళీ మాత్రమే మునిగేలా నీళ్లు పోసి నిలబెట్టి, నీరు రంగు మారినప్పుడల్లా మార్చాలి. మొండి ఇంకుకు గిన్నెలు తోమే సబ్బుద్రవం ఒక్క చుక్క కలిపితే చాలు, ఆ తరువాత మళ్లీ మంచి నీటితో కడగాలి. ఓపిక తప్ప ఖర్చేమీ లేదు.

ఒకావిడ తన తండ్రి పెన్నును గుడ్డలో చుట్టి తెచ్చారు. ఆయన బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ దానితోనే రాశారట, ఆయన పోయాక అది బీరువాలోనే ఉండిపోయింది. "ఏమైనా చేస్తే ఇంకా పాడవుతుందేమోనని ముట్టుకోలేదండీ" అని అన్నప్పుడు ఆవిడ కళ్లలో కనిపించింది భయమే. ఆ భయమే ఆ పెన్నును కాపాడింది. నేను చేసిందల్లా నీళ్లలో నానబెట్టి కడగడం. మరునాడు ఆవిడ దానితో తండ్రి పేరు రాసి చూసుకున్నారు. అదే వారంలో మరో ఇంటినుంచి ఇంకా మంచి పెన్ను వచ్చింది, అయితే ఎవరో వీడియో చూసి పాళీని బ్లేడుతో చీల్చారు. దానికి నేను చేయగలిగింది పాళీ మార్చడమే. పెన్నుల మీద ఇంత ధైర్యంగా అబద్ధాలు చెప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే నష్టపోయేది వాళ్లు కాదు.

అపోహ: వేడినీళ్లు, స్పిరిట్ అయితే త్వరగా శుభ్రమవుతుంది.

వాస్తవం: తెలుగువారి ఇళ్లలో దొరికే పాత పెన్నులకు ఇది మరీ ప్రమాదం. 1932లో కె.వి. రత్నం రాజమండ్రిలో మొదలుపెట్టిన పెన్నుల తయారీకి పేరు తెచ్చిన పదార్థం ఎబొనైట్, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. 1935లో గాంధీజీ ఆ పెన్నును మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ నల్లని ఎబొనైట్‌కు వేడినీళ్లు తగిలినా, ఎండ ఎక్కువకాలం తగిలినా మెరుపు పోయి గోధుమ, ఆకుపచ్చ ఛాయలకు తిరుగుతుంది, మళ్లీ పాలిష్ పడితే తప్ప నలుపు రాదు. స్పిరిట్, అసిటోన్ చాలా ప్లాస్టిక్‌లనూ సెల్యులాయిడ్‌నూ కరిగించవచ్చు, లేదా దెబ్బతీయవచ్చు. చల్లటి నీరే వాడండి.

అపోహ: ఫిల్లర్‌తో పోసే పెన్ను ఇంకు కక్కితే, ఎక్కడో పగిలినట్టే.

వాస్తవం: చాలాసార్లు పగులేమీ ఉండదు. ఇంకు పావువంతుకు తగ్గినప్పుడు ఆ ఖాళీలోని గాలి చేతివేడికి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. అంత తగ్గకముందే నింపండి, పెన్ను విప్పే చోటి మరలకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి.

అపోహ: మన పెన్నుతో వేరొకరు రాస్తే పాళీ పాడవుతుంది. బంగారు పాళీ అయితేనే బాగా రాస్తుంది.

వాస్తవం: అంత గట్టి మొన ఒకటి రెండు పేజీలకు అరగదు, బాల్‌పెన్ను అలవాటుతో గట్టిగా నొక్కేవారికి మాత్రం ఇవ్వకండి. ఇక కాగితాన్ని తాకేది బంగారం కాదు, ఆ మిశ్రమపు బొడిపే. చక్కగా సానపట్టిన స్టీలు పాళీ హాయిగా రాస్తుంది.

అపోహ: ఇంకు ఏదైనా ఇంకే.

వాస్తవం: డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకులో మసికణాలతోపాటు లక్క వంటి జిగురు కూడా ఉంటుంది, అది ఎండితే నీటికి కరగదు, ఫీడ్ మూసుకుపోతుంది. సీసామీద ఇంకు పెన్నుకని రాసి ఉన్నదే కొనండి. పొరపాటున ఇండియన్ ఇంకు పోసి ఉంటే రాయడం ఆపి, అది తడిగా ఉండగానే వెంటనే నీళ్లతో కడగడం మొదలుపెట్టండి. ఎండిపోయిందనిపిస్తే పాళీని లాగకుండా పెన్నును అలాగే తెలిసినవారికి చూపించండి.