గ్యాస్కెట్ మందం, కంప్రెషన్ రేషియో: టర్బో మార్పిడిలో అపోహలు - వాస్తవాలు

మామూలు పెట్రోల్ ఇంజన్‌కు టర్బో పెట్టించుకోవాలని వచ్చేవారు చాలామంది కూర్చోకముందే ఒక మాట అడుగుతారు: "హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ బ్లాక్‌కు, దాని పైనుండే హెడ్‌కు మధ్య వేసే సీలు) ఎంత మందం వేయమంటారు?" సమాధానం చెప్పే ముందు నేను రెండు కొలతలు అడుగుతాను. ఇప్పుడున్న కంప్రెషన్ రేషియో (పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఎంత, పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కు మధ్య మిగిలే సందు ఎంత? రెండోది ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

అపోహ: మందమైన గ్యాస్కెట్ వేస్తే రేషియో తగ్గి ఇంజన్ భద్రంగా ఉంటుంది.

రేషియో తగ్గడం నిజమే. ఎంత తగ్గుతుందో లెక్క వేయండి. నిస్సాన్ ఎస్ఆర్20 ఇంజన్‌లో బోర్ (సిలిండర్ వ్యాసం) 86 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86 మి.మీ. అంటే ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ. రేషియో 10 అనుకుంటే పిస్టన్ పైన మిగిలే చోటు 55.5 సీసీ. గ్యాస్కెట్ రంధ్రం 87 మి.మీ. అయితే, ప్రతి మిల్లీమీటరు మందానికి దాదాపు 6 సీసీ పెరుగుతుంది. అర మిల్లీమీటరు అదనంగా వేస్తే రేషియో 9.5కు వస్తుంది. 8.5 కావాలంటే 11 సీసీ పెంచాలి, అంటే అదనంగా 1.9 మి.మీ. మందం కావాలి.

చిక్కంతా అక్కడే ఉంది. పిస్టన్ అంచు, హెడ్‌లోని చదునైన భాగం బాగా దగ్గరకు వచ్చినప్పుడు మధ్యనున్న మిశ్రమం వేగంగా దహన గది నడుమకు చిమ్ముతుంది. దీన్నే స్క్విష్ అంటాం. ఆ సుడి వల్ల మంట త్వరగా పాకుతుంది. అంచున మిగిలిన పలుచని పొర రెండు లోహపు ముఖాల మధ్య చల్లబడి, తనంతట తాను అంటుకోకుండా ఉంటుంది. ఈ సందు చాలా ఇంజన్లలో 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటే మేలు. దాన్ని దాదాపు 3 మి.మీ.కు పెంచితే సుడీ ఉండదు, చల్లదనమూ ఉండదు. రేషియో తగ్గించి సంపాదించిన నాక్ (మిశ్రమం మంట చేరకముందే తనంతట తాను అంటుకుని కొట్టే దెబ్బ) రక్షణలో మంచి భాగాన్ని ఇటువైపు పోగొట్టుకున్నట్టే. అదే కుటుంబంలోని టర్బో ఇంజన్ ఎస్ఆర్20డీఈటీకి కంపెనీ 8.5 రేషియోను పిస్టన్ తలలో గుంత పెట్టి తెచ్చింది.

నా పద్ధతి ఇదే. స్క్విష్ సందు ఎంత ఉండాలో చూసి గ్యాస్కెట్ మందం తేలుస్తాను. రేషియో కోసం కావలసిన సీసీలను పిస్టన్ గుంతలోనో, దహన గదిలోనో వెతుకుతాను. సందు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 2 మి.మీ. మందం ఉన్న మెత్తని సోల్డర్ తీగ ముక్కలు రెండు తీసుకుని, పిస్టన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపేది) దిశలో రెండు అంచుల మీద గ్రీజుతో అంటించండి. పాత గ్యాస్కెట్‌తో హెడ్‌ను పూర్తి టార్క్‌కు బిగించి, క్రాంక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, హెడ్ విప్పి, నలిగిన తీగను మైక్రోమీటర్‌తో కొలవండి. పిన్‌కు అడ్డ దిశలో పెడితే పిస్టన్ ఊగి తప్పు కొలత వస్తుంది. కొత్త గ్యాస్కెట్ గురించి చూసేటప్పుడు నలిగాక ఉండే మందమే లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: పలుచని గ్యాస్కెట్లు రెండు ఒకదానిపై ఒకటి వేసినా చాలు.

వద్దు. నేర్చుకునే రోజుల్లో నేనూ వేశాను. మూడో వారానికే రేడియేటర్ మూత తీస్తే బుడగలు, అంటే సిలిండర్‌లోని వాయువు గ్యాస్కెట్ దాటి నీళ్లలోకి లీకవుతోంది.

అపోహ: రేషియోను బూస్ట్‌తో గుణిస్తే అసలు రేషియో వస్తుంది.

10 రేషియో, 1 బార్ బూస్ట్ (మామూలు గాలి పీడనంపై టర్బో అదనంగా పెంచే పీడనం) అంటే 20 రేషియో అని భయపెట్టేవారు ఉన్నారు. పీడనం రెట్టింపవుతుంది, సరే. కానీ నాకింగ్‌ను ఎక్కువగా నడిపించేది సిలిండర్‌లో చివరగా మండే మిశ్రమపు ఉష్ణోగ్రత. 27 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ 1 బార్ బూస్ట్‌కు నొక్కితే అది దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే మంచి ఇంటర్‌కూలర్ అందులో 40 డిగ్రీలు తగ్గించిందనుకోండి. సిలిండర్‌లో నొక్కుడు పూర్తయ్యేసరికి ఆ తేడా దాదాపు 80 డిగ్రీలు అవుతుంది. రేషియోను 10 నుంచి 8.5కు దించితే అదే చోట కలిసివచ్చేది 30, 40 డిగ్రీలే. పైగా దించినందుకు బూస్ట్ లేనప్పుడు ఇంజన్ మందకొడిగా ఉంటుంది, ఇంధనమూ ఎక్కువ తాగుతుంది. గ్యాస్కెట్‌కు పెట్టే శ్రద్ధలో సగం ఇంటర్‌కూలర్‌కు పెట్టమని నేను పోరేది అందుకే.

అపోహ: టర్బో అంటే రేషియో 8 దాటకూడదు.

1970ల చివరి మాట ఇది. అప్పటి సాబ్ 99 టర్బో రేషియో 7.2 మాత్రమే. ఆ తర్వాత వచ్చిన హోండా 1.5 లీటర్ టర్బో 10.6తో నడుస్తుంది. అయితే దానికి సిలిండర్‌లోకే నేరుగా ఇంధనం చిమ్మే ఏర్పాటు, నాక్ సెన్సార్, ఆ రెంటినీ కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ ఉన్నాయి. మనం మార్చే పాత పోర్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని సిలిండర్ బయట, గాలి దారిలో చిమ్మే) ఇంజన్‌కు మామూలు పెట్రోల్, కొద్దిపాటి బూస్ట్ అయితే 8.5 నుంచి 9.5 మధ్య నేను నిశ్చింతగా కడతాను.

అపోహ: కంప్రెషన్ గేజి చూస్తే రేషియో తెలుస్తుంది.

తెలియదు. ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుంది, స్టార్టర్ ఎంత వేగంగా తిప్పుతోంది అన్నవి ఆ అంకెను మార్చేస్తాయి. రేషియో కావాలంటే బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టం) దహన గదిని కొలవాల్సిందే.

అపోహ: మందం మారితే మారేది రేషియో ఒక్కటే.

ఓవర్‌హెడ్ క్యామ్ (వాల్వులను నడిపే క్యామ్ హెడ్‌లోనే ఉండే) ఇంజన్‌లో హెడ్ ఎత్తు పెరిగితే క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయం, కాస్త ముందుకు జరుగుతుంది. 100 మి.మీ. వ్యాసమున్న పుల్లీ మీద 1 మి.మీ. అంటే క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలకు పైనే. సర్దుబాటు చేసుకోగల క్యామ్ పుల్లీ వేయకపోతే ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

అపోహ: గ్యాస్కెట్ పోయిందంటే ఆ గ్యాస్కెట్ బలహీనమైనదే.

పొరల ఉక్కు గ్యాస్కెట్‌కు నున్నని ముఖం కావాలి. పాత రకానికి సరిపోయిన గరుకు ముఖం మీద దాన్ని వేస్తే లీకవుతుంది. ఇది పని చేసినవారి తప్పు. మిగతా చోట్ల నేను ముందు చూసేది స్పార్క్ ప్లగ్. ఒకాయన రెండుసార్లు గ్యాస్కెట్ పోగొట్టుకుని, ఇంకా మందమైనది, ఇంకా గట్టిది కావాలని వచ్చాడు. ప్లగ్ పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు అల్యూమినియం చుక్కలు. హెడ్ విప్పితే పిస్టన్ అంచు ఇసుకతో రుద్దినట్టు గరుకుగా ఉంది. నాకింగ్ దెబ్బకు హెడ్ లేచి గ్యాస్కెట్ తెగుతోంది. పాత మందమే వేసి, పూర్తి బూస్ట్‌లో ఇగ్నిషన్‌ను నాలుగు డిగ్రీలు వెనక్కి జరిపాం, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేశాం. ఆ గ్యాస్కెట్ ఇంకా అందులోనే ఉంది.