రైల్వే డేటా కలపడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు సిస్టమ్‌లను నెట్‌వర్క్‌తో కలిపితే చాలు, డేటా దానంతటదే కలుస్తుంది.

వాస్తవం: తీగ వేయడం తేలిక. ఇటు రికార్డు, అటు రికార్డు ఒకే బండివా కావా అన్నది తేల్చడమే కష్టం. కేరళ ఎక్స్‌ప్రెస్ (12626) న్యూఢిల్లీలో రోజూ బయల్దేరి తిరువనంతపురం చేరడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. అంటే ఎప్పుడు చూసినా అదే నంబరుతో కనీసం రెండు బండ్లు దారిలో ఉంటాయి. కాబట్టి నంబరుకు తేదీ జోడించాలి. అదీ మొదటి స్టేషన్‌లో బయల్దేరిన తేదీ, వరంగల్‌కు వచ్చిన తేదీ కాదు.

అపోహ: ఉపగ్రహం చెప్పేది బండి జాడ.

వాస్తవం: ఉపగ్రహం సాయంతో జాడ తెలిపే ఆర్‌టీఐఎస్ పరికరం ఉండేది ఇంజన్‌లో. 30 సెకన్లకోసారి అది చెప్పేది ఇంజన్ జాడే. ఇంజన్ మార్చినచోట కొత్త ఇంజన్ నంబరును బండికి జతచేయకపోతే వివరాలు తప్పుతాయి.

అపోహ: చెక్ డిజిట్ (నంబరు తప్పుగా రాశారేమో పట్టుకోవడానికి చివర చేర్చే అంకె) సరిపోయిందంటే వ్యాగన్ నంబరు సరైనదే.

వాస్తవం: ఈ నమ్మకమే ఎక్కువ నష్టం చేస్తుంది. వ్యాగన్ నంబరులో 11 అంకెలు: రకానికి 2, వ్యాగన్ ఏ రైల్వేదో చెప్పడానికి 2, తయారైన సంవత్సరానికి 2, వరుస సంఖ్యకు 4, చివరిది చెక్ డిజిట్. లెక్క కోసం 3108061472 తీసుకుందాం. ఎడమ నుంచి సరి స్థానాల్లోని అంకెల మొత్తం 21, మూడింతలు 63. బేసి స్థానాల మొత్తం 11. రెండూ కలిపితే 74. తర్వాతి పదుల సంఖ్య 80కి ఇంకా 6 కావాలి, అదే చెక్ డిజిట్. యార్డులో రాసుకునేటప్పుడు 14ను 41గా రాస్తే చెక్ డిజిట్ 2 రావాలి, తప్పు దొరికిపోతుంది. కానీ 6, 1 తారుమారై 3108016472 అయితే? సరి స్థానాల మూడింతలు 48, బేసి స్థానాల 16 కలిపి 64. మళ్లీ 6 వచ్చింది! తేడా సరిగ్గా 5 ఉన్న పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ లెక్క పట్టుకోలేదు. 2006 వ్యాగన్ కాస్తా 2001ది అయిపోతుంది. అందుకే చెక్ డిజిట్ తర్వాత వ్యాగన్ మాస్టర్‌లో (అన్ని వ్యాగన్ల జాబితాలో) ఆ నంబరు ఉందా, ఆ రేక్‌లోనే (కలిపి నడిపే వ్యాగన్ల వరుసలోనే) ఉందా అని కూడా సరిచూడాలి.

అపోహ: చక్రం దెబ్బను పసిగట్టే వైల్డ్ యంత్రం యాక్సిల్ నంబరు ఇచ్చాక వ్యాగన్ దొరికినట్టే.

వాస్తవం: 31వ యాక్సిల్ అని అలారం వచ్చిందనుకోండి. ముందు ఆరు యాక్సిళ్ల ఇంజన్ ఒక్కటే ఉంటే అది 7వ వ్యాగన్ మొదటి యాక్సిల్ (వ్యాగన్‌కు నాలుగు చొప్పున). అలాంటి ఇంజన్లు రెండుంటే 5వ వ్యాగన్ మూడో యాక్సిల్. ముందు ఎన్ని ఇంజన్లున్నాయో అలారంతో పాటు వెళ్లకపోతే మంచి వ్యాగన్‌ను విడదీస్తారు, దెబ్బతిన్న చక్రం ముందుకెళ్తుంది. వ్యాగన్‌కున్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌ను (రేడియో తరంగాలతో చదివే గుర్తింపు చీటీని) అక్కడే చదివి, ఆ నంబరును అలారంలోనే పంపించాలి.