కటింగ్ కొడితే గరగర: యాక్సిల్ మీద నింద వేసే ముందు – అపోహలు, వాస్తవాలు

షెడ్డుకొచ్చే బండికి రోగం పేరు చాలాసార్లు ఓనరే పెట్టుకొని వస్తాడు. "అన్నా, కటింగ్ కొడితే గరగర అంటుంది, యాక్సిల్ ఎంతైతది?" సామాను ధర తర్వాత సంగతి. ముందు తేలాల్సింది చప్పుడు ఎప్పుడొస్తుందనేది. బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితేనా? మెల్లగా ఫుల్ కటింగ్‌లోనా, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పి నడిపితేనా? స్పీడు 60 దాటాకనా? ఒక్కోదానికి ఒక్కో సామాను.

అపోహ: తిప్పితే చప్పుడొచ్చిందంటే యాక్సిల్ పోయినట్టే.

వాస్తవం: యాక్సిల్ అని మనం పిలిచే డ్రైవ్ షాఫ్ట్‌కు (ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ) బయటి కొసన సీవీ జాయింట్ ఉంటుంది, చక్రం పక్కకు తిరిగినా షాఫ్ట్ తిరిగేలా చూసేది అదే. అది అరిగితే మొదట వచ్చేది గరగర కాదు, కట్ కట్ కట్. ఖాళీ గ్రౌండులో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫస్ట్ గేరులో కొంచెం రేస్ ఇస్తూ గుండ్రంగా తిప్పండి. చక్రం జోరుతోపాటు కట్ కట్ కూడా జోరందుకుంటే అనుమానం జాయింట్ మీదే. తర్వాత చక్రం లోపలి వైపు టార్చి కొట్టి చూడండి. జాయింట్ మీద తొడుగులా ఉండే రబ్బరు బూటు చినిగితే నల్లటి గ్రీజు రిమ్ము లోపల గీత గీసినట్టు చిమ్మి ఉంటుంది, దానికి మన చెల్క దుమ్ము అంటుకొని ముద్దకట్టి ఉంటుంది.

బూటు చినిగినా చప్పుడు ఇంకా మొదలు కాకపోతే అదృష్టమే. జాయింట్ విప్పి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త బూటు వేసి, కిట్‌తో వచ్చే మాలిబ్డినం గ్రీజు ప్యాకెట్ మొత్తం పెట్టాలి. సగం పెట్టి మిగతాది దాచుకోవద్దు. డబ్బాలో ఉన్న మామూలు పసుపు గ్రీజు పనికిరాదు. కట్ కట్ మొదలైందంటే మాత్రం జాయింట్ లోపల గుండ్లు తిరిగే గాడులు అరిగిపోయినట్టే. ఎంత గ్రీజు కుక్కినా ఆ గాడి మళ్లీ పూడదు, జాయింట్ మార్చాల్సిందే.

అపోహ: చప్పుడు కుడి పక్క వినిపిస్తుంది కాబట్టి పోయింది కుడి చక్రం బేరింగే.

వాస్తవం: క్యాబిన్‌లో కూర్చున్న చెవి బాగా మోసం చేస్తుంది. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కాక 60, 70లో ఊఁ అని మూలుగు మొదలై స్పీడుతో పెరుగుతుందా? న్యూట్రల్ చేసినా అలాగే ఉంటే ఇంజిన్ కాదు. ముందూ వెనకా బండ్లు లేనప్పుడు మెల్లగా ఎడమకు, కుడికి కొంచెం కొంచెం లాగండి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే చాలావరకు కుడి బేరింగ్, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది.

దీన్ని ఖాయం చేసుకోవాలంటే చక్రం లేపాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండి కింద స్టాండు వేయండి, ఒక్క జాకీని నమ్మొద్దు. ఒక చేయి కాయిల్ స్ప్రింగ్ మీద తేలిగ్గా ఆనించి, ఇంకో చేత్తో చక్రం తిప్పండి. బాగున్న బేరింగ్ అయితే స్ప్రింగ్ మీద చేతికి ఏమీ తెలియదు. పోయినదైతే సన్నగా ఇసుక రాలినట్టు వణుకు తగులుతుంది. చెవికి అందనిది కూడా ఈ చేతికి అందుతుంది.

టైరు కూడా ఇలాగే మూలుగుతుంది. సీసీ రోడ్డు మీద ఒక తీరు, తారు రోడ్డు మీద ఇంకో తీరు మోగితే ముందు చక్రాల టైర్లను వెనక్కి మార్చి చూడండి. చప్పుడు కూడా వెనక్కి పోతే బేరింగ్ జోలికి పోవద్దు.

కొత్త బేరింగ్ నెల తిరక్కుండా మళ్లీ మూలిగిందంటే చాలాసార్లు కారణం సుత్తె. నకిల్‌లోకి (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మ) దింపేటప్పుడు ప్రెస్ బలం బయటి రింగు మీదే పడాలి, హబ్బు (చక్రం బిగించే భాగం) ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు ఆధారం ఉండాలి. లేదంటే బలమంతా గుండ్ల గుండా పోయి అవి తిరిగే దారిలో సొట్టలు పడతాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్లలో బేరింగ్‌కు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది. అది చక్రం స్పీడు చూసే సెన్సర్ వైపుకే రావాలి, తిరగేస్తే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. షాఫ్ట్ నట్టు కొత్తది వేసి, కంపెనీ చెప్పిన టార్కుకు (బిగింపు బలం) బిగించాలి.

అపోహ: గరగర ఒక్కసారిగా గట్టిగా వచ్చిందంటే పెద్ద ఖర్చే.

వాస్తవం: కొత్తగా చిప్స్ వేసిన రోడ్డు, క్రషర్ దారి దిగి వచ్చాక మొదలైతే చాలాసార్లు ఖర్చే ఉండదు. బ్రేకు డిస్కుకు, దాని వెనక రేకుకు మధ్య శనగగింజంత కంకర రాయి ఇరుక్కుంటుంది. నాలుగడుగులు రివర్స్ పోతే ఒక్కోసారి అదే రాలిపోతుంది. రాలకపోతే చక్రం విప్పి, స్క్రూడ్రైవర్‌తో రేకును 2, 3 మిల్లీమీటర్లు పక్కకు వంచి రాయి తీయాలి. రాయి లేకుండా బ్రేకు తొక్కినప్పుడు గరగర ఎక్కువైతే బ్రేకు ప్యాడ్లు చూడండి. మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాలి, ఇనుము ఇనుముకు తగిలితే డిస్కు కూడా పోతుంది.

అపోహ: స్టీరింగ్ ఆయిల్ పోస్తే సరి.

వాస్తవం: స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్ లాంటి ఎలక్ట్రిక్ స్టీరింగ్ బండ్లలో ఆ ఆయిలే ఉండదు. హైడ్రాలిక్ పంపు ఉన్న బండ్లలో ఫుల్ కటింగ్ దగ్గర మూలిగితే లెవల్ చూడండి, నురగ ఉంటే పైపుల్లో గాలి చేరినట్టు. చివరిదాకా తిప్పి 5 సెకన్లకు మించి అలాగే పట్టుకోవద్దు.

నిలబడిన బండికి స్టీరింగ్ తిప్పితే కిర్రుమని, తర్వాత టంగ్ అని స్ప్రింగ్ జారిన చప్పుడొస్తే అది షాకబ్జర్ పైన ఉండే మౌంటు, దాని బేరింగ్. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా తీగ కట్టి విప్పుతామనేవాళ్లకు ఆ పని ఇవ్వొద్దు. తీగ తెగితే స్ప్రింగ్ ముఖానికే వస్తుంది.

అపోహ: అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది.

వాస్తవం: అలైన్‌మెంట్ చక్రాల కోణాలనే సరిచేస్తుంది, అరిగిన సామానును కాదు. చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే కింది ఆర్మ్ బాల్ జాయింట్, అంటే చక్రం భాగాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండు జాయింట్. పక్కలకు పట్టి ఊపితే ఆడేది ఎక్కువగా టై రాడ్ ఎండ్, స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కొస. బాల్ జాయింట్ అయితే దేవరకొండ దాకా నడుపుకుంటూ పోయి చేయిద్దాం అనుకోవద్దు. అది జారితే చక్రం అడ్డం తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి చేతిలో ఉండదు. ఉన్నచోటికే మెకానిక్‌ను పిలవండి, లేదా టోయింగ్ బండి మీద ఎక్కించండి.