ముక్క ఎందుకు కోశారంటే

చిన్నోడికీ, బుజ్జమ్మకీ,

అవ్వ ఆశీస్సులు. నిన్న మీరు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. వెనకనుంచి మీ అమ్మ 'చాలు ఇంక, అవ్వకు విసుగొస్తుంది' అంటోంది గానీ, నాకేం విసుగు రాలేదు. 'ప్రొద్దుటూరు పశువైద్య కాలేజీలో డాక్టర్ సార్ మా పిల్లి గుండుగాడి నోరు తెరిచి చూశారు కదా, పైచిగురు మీద గడ్డ కనిపించింది కదా, మళ్లీ మత్తిచ్చి పరీక్షకని ముక్క కోయడమెందుకు?' అని కదా మీరడిగింది. ఫోన్లో చెప్తే సగం విని ఆటకు పోతారు. అందుకే రాస్తున్నా. పశువైద్య ల్యాబ్‌లో స్లైడ్లు చేసి రిటైరైనదాన్ని, ఈ విషయంలో మీ నాన్న కంటే నా మాటే వినండి.

ముందు ఒక సంగతి. పిల్లి నొప్పిని బయటపెట్టదు. కుక్కయితే కుయ్యోమంటుంది. పిల్లి మాత్రం గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి పోతుంది. ముద్ద నోట్లోంచి జారిపోతుంటుంది. చొంగ కారుతుంది, ఒక్కోసారి అందులో రక్తపు చార ఉంటుంది. నోరు కంపు కొడుతుంది. రోజంతా ఒళ్లు నాక్కునే జంతువు నాక్కోవడం మానేస్తే బొచ్చు అట్టలు కడుతుంది. 'గుండుగాడు మురికిగా తయారయ్యాడు' అని పోయిన నెల బుజ్జమ్మ అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

డాక్టరు చూసేటప్పుడు నాలుక కింద కూడా చూసే ఉంటారు. గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేచి అడుగు భాగం కనబడుతుంది. చాలా గడ్డలు అక్కడే దాక్కుంటాయి. ఒక్కోసారి అక్కడ గడ్డ కాదు, దర్జీ దారం నాలుకకు చుట్టుకుని కోసుకుపోయి ఉంటుంది. అప్పుడు ఇంట్లో దారం లాగకూడదు, రెండో కొన పేగుల్లోకి పోయి ఉండొచ్చు, డాక్టరే చూడాలి.

అందుకే, నోట్లో వాపు కనబడగానే క్యాన్సర్ అనుకోకూడదు. పంటి వేరు దగ్గర చీము పట్టినా వాస్తుంది. పిల్లులకు చిగుళ్లన్నీ ఎర్రగా పుండుపడే జబ్బు ఒకటుంది. అలర్జీ లాంటి కారణాలతో పైపెదవి మీద లేచే పుండు ఒకటుంది, చూస్తే భయమేస్తుంది గానీ మందులకు లొంగుతుంది. ఇక నిజంగా క్యాన్సరే అయితే, పిల్లుల్లో పదింట ఆరేడు సార్లు అది స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి లోపలి పైపొర కణాల్లో పుట్టేది. దాని తర్వాత ఫైబ్రోసార్కోమా, అంటే నారలాంటి కణజాలంలో పుట్టేది. మిగతావన్నీ అరుదు: ఒంటికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా, ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా, తెల్ల రక్తకణాల్లో పుట్టే లింఫోమా, లాలాజల గ్రంథుల క్యాన్సర్, పన్ను మొలిచే కణజాలంలోంచి వచ్చే గడ్డలు. తమాషా ఏమంటే కంటికి ఇవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎర్రగా, ఉబ్బుగా, పైన పుండుతో. నలభై ఏళ్ల అనుభవమున్న డాక్టరైనా చూసి అనుమానించగలడే గానీ పేరు రాసివ్వలేడు.

చిన్నోడు గుండుగాడి పెదవి మీద నల్ల మచ్చలు ఫొటో తీసి 'ఇదే మెలనోమా కదా అవ్వా' అని పంపాడు. కాదు నాయనా. నారింజ రంగు పిల్లులకు వయసు వచ్చేకొద్దీ పెదవుల మీద, చిగుళ్ల మీద, ముక్కు మీద అలాంటి చుక్కలు వస్తాయి. చదునుగా ఉంటాయి, ఏమీ చేయవు. అసలు మెలనోమా ఉబ్బుగా ఉంటుంది. పైగా ఒక్కోసారి అందులో నలుపే ఉండదు, గులాబీ రంగులో మామూలు కండలా కనబడుతుంది. నల్లగా ఉన్నది మెలనోమా కాకపోవచ్చు, మెలనోమా అయినది నల్లగా లేకపోవచ్చు. ఇంటర్నెట్లో ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఇక మానెయ్.

ఇప్పుడు ముక్క సంగతి. మన చెనిక్కాయ చేలో పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా చెట్టు పీకితేగానీ కాయ సంగతి తెలియదు కదా, ఇదీ అంతే. నోట్లో గడ్డ పైభాగం ఎప్పుడూ తిండితో, క్రిములతో రాపిడి పడి వాచి ఉంటుంది. పైపైన గీరి పంపితే రిపోర్టులో 'వాపు మాత్రమే' అని వస్తుంది, ఇంట్లోవాళ్లు సంబరపడతారు, లోపల అది పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో కుళ్లిన చోట తీస్తే చచ్చిన కణాలే వస్తాయి. అందుకని బతికున్న చోట, లోతుగా తీయాలి. అంత లోతు తీయాలంటే మత్తు లేకుండా కుదరదు. అదీ నోటి లోపలినుంచే తీయాలి. బయట పెదవి చర్మం కోసి లోపలికి పోతే, రేపు ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ కోసిన దారంతా తీసేయాల్సి వస్తుంది.

ఆ ముక్కను, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. ముక్క ఎంతుందో దానికి పదింతలు ఫార్మలిన్ ఉండాలి. చిన్న సీసాలో కుక్కి పంపితే మధ్యలో కుళ్లిపోతుంది, అలాంటివి తెరిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆల్కహాల్‌తో నీరంతా లాగేసి, కరిగించిన మైనంలో పోసి దిమ్మ చేస్తాం. మిషన్ మీద ఆ దిమ్మను కోస్తుంటే రిబ్బన్ లాగా పల్చటి పొర వస్తుంది. దాని మందం నాలుగైదు మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగో ఐదో. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజుపలక మీదికి ఎత్తి, రంగు వేస్తే కణాల లోపలుండే గింజలు (కేంద్రకాలు) ఊదారంగులో, మిగతాదంతా గులాబీ రంగులో కనిపిస్తాయి. ఎముక కూడా కలిసిన ముక్కయితే ముందు యాసిడ్‌లో నానబెట్టి మెత్తబరచాలి, దానికి ఇంకొన్ని రోజులు. రిపోర్టు ఆలస్యమైందని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడట, అది చెప్పండి.

అరుదైన గడ్డల దగ్గర ఈ రంగులు కూడా చాలవు. కణాలు వాటి రూపం కోల్పోయి గుండ్రంగానో, కదురులాగానో మాత్రమే ఉంటాయి. అప్పుడు ఒక్కో రకం కణంలో ఉండే ప్రోటీనుకే అంటుకునే ప్రత్యేకమైన యాంటీబాడీలతో పరీక్ష చేస్తారు. మెలన్-ఎ అనే ప్రోటీనుకు అంటుకుంటే మెలనోమా వైపు, సైటోకెరాటిన్‌కు అంటుకుంటే పైపొర కణాల వైపు, సీడీ3కి గానీ సీడీ20కి గానీ అయితే లింఫోమా వైపు మొగ్గుతుంది. ఇది అన్నిచోట్లా దొరకదు, ఖర్చు కూడా.

దవడ కింద లింఫు గ్రంథిలోకి సూది వేశారు కదా, అది వేరే లెక్క. క్యాన్సర్ అక్కడిదాకా పాకిందా అని చూడటానికి. గ్రంథి వాచినంత మాత్రాన పాకినట్టు కాదు, వాయనంత మాత్రాన పాకనట్టూ కాదు. ఛాతీ ఎక్స్‌రే ఊపిరితిత్తుల కోసం.

పేరు తెలిస్తే ఏమొస్తుందంటారా? దారే మారిపోతుంది. రెండేళ్లలోపు పిల్లికి పైదవడ ముందు భాగంలో వచ్చే పన్ను మొలక గడ్డ ఒకటుంది, అది ఎముకను తింటుంది గానీ ఒంట్లో వేరేచోటికి పాకదు, శుభ్రంగా కోసేస్తే పిల్లి బతుకుతుంది. లింఫోమా అయితే కీమోకు లొంగే అవకాశముంది. స్క్వామస్ అయితే మీకు అబద్ధం చెప్పను, చాలా పిల్లులు కొన్ని నెలలే ఉంటాయి. మన గుండుగాడికి పదకొండేళ్లు కాబట్టి ఆ చిన్న వయసు పన్ను మొలక గడ్డ అనుకోవడానికి లేదు. మిగతాది స్లైడే చెప్పాలి.

ఇంకో మాట, మీ వీధిలో పిల్లులు పెంచే పిల్లలకు కూడా చెప్పండి. పెద్ద వయసు పిల్లికి పన్ను కదిలిందని పీకిస్తే, ఆ గుంట మానకుండా ఉబ్బుతుంటే, మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్ వేసుకుంటూ కూర్చోవద్దు. ముక్క తీయమని అడగాలి.

నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ చిటికెడు కూడా ఇవ్వకండి, పిల్లికి అది విషం. పుండు మీద డెట్టాల్ రాయొద్దు. కోడిమాంసం ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, మెత్తగా మెదిపి, గోరువెచ్చగా పెట్టండి, వాసనకు తింటాడు. ఒకరోజంతా తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయమని అమ్మతో చెప్పండి.

రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపండి. పైనున్న పేరు ఒక్కటే కాదు, కింద 'కామెంట్స్' అని సన్నక్షరాల్లో ఒక పేరా ఉంటుంది, అది కూడా పడాలి. ముక్క అంచులు ఎలా ఉన్నాయో, చూసినాయనకు ఎంత నమ్మకముందో, ఇంకేం పరీక్ష కావాలో అక్కడే రాస్తారు.

ఇట్లు,
మీ అవ్వ